చెమట చుక్క నుంచి మా మరిది దాకా

మనిషి కోతి నుంచి పుట్టాడని మా బావకు చెప్పింది నేను కాదు. పుస్తకం చెప్పింది. ఆయనకు అక్షరాలు కూడబలుక్కునే ఓపిక లేదు కాబట్టి నేను చదివి వినిపించాను, అంతే. బావ అంటే నా భర్తే. మేనత్త కొడుకునే చేసుకున్నాను కాబట్టి పెళ్ళయ్యాక పిలుపులేమీ మారలేదు. అత్త అత్తే, బావ బావే.

డెబ్బయ్యో దశకం మొదటి ఏళ్ళు. గోదావరిఖనిలో మాకు కంపెనీ క్వార్టర్ ఒకటి ఉండేది. ఒక గది, వెనక వంట చేసుకునే వసారా, ముందు చిన్న అరుగు. బావ బాయిలో బొగ్గు నింపేవాడు. గనిని మా దగ్గర బాయి అనే అంటారు. డ్యూటీ దిగి వచ్చి, ఒంటి మీది నలుపు వదిలేదాకా నీళ్ళు పోసుకుని, కంచం ముందు కూర్చుని "సదువు" అనేవాడు. ముద్దకూ ముద్దకూ మధ్య మానవుడి పుట్టుక చదివేదాన్ని. యూనియన్ వాళ్ళ హాల్లో ఎవరో సైన్సు చెప్పే ఆయన వచ్చి, గోడకు బొమ్మల చార్టు కట్టి, వంగి నడిచే జీవి మెల్లమెల్లగా లేచి నిలబడి మనిషయ్యే వరస చూపించాడట. ఆ పూట ఆయన పంచిన చిన్న పుస్తకమే అది. చివరి పేజీలు మడతపడి ఉండేవి.

నిజానికి పుస్తకంలో కోతి నుంచి అని లేదు. కోతికీ మనకూ ఎప్పుడో చాలా వెనక ఒకే పూర్వీకుడు ఉన్నాడని ఉంది. ఆ మాట చెబితే, "అదే గదనే నేననేది" అనేవాడు. అది కాదు బావా అంటే వినిపించుకోడు. నల్లా దగ్గర, చాయ్ దుకాణం దగ్గర "మన తాతకు తోక ఉండె" అని చెప్పుకు తిరిగాడు. మంథని నుంచి వచ్చి మా లైన్ చివర ఉండే బడిపంతులు అది విని, "మీ తాతకు ఉండొచ్చు గాని మా తాతకు లేదు" అన్నాడట. మా బావ ఊరుకుంటాడా? "గందుకే గద పంతులూ, అందరికి ఒక్కడే తాతని పుస్తకంల రాసిండ్రు" అన్నాడట. ఆ రోజు ఇంటికి వచ్చి ఆ మాట తనే మళ్ళీ మళ్ళీ చెప్పుకుని నవ్వాడు. మా మరిది పోయాక ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే.

మా బావ ఈ గోలలో ఇంతగా పడిపోవడానికి కారణం ఆ మరిదే.

మరిది మారుపేరు మీద పని చేసేవాడు. ఆ రోజుల్లో మా బొగ్గు బెల్టులో అది వింతేం కాదు. పని ఒకరి పేరున వచ్చేది. వాళ్ళకు భయమేసో బుద్ధి పుట్టకో రాకపోతే ఆ పేరు పెట్టుకుని ఇంకొకరు దిగేవారు. మా మరిది అలాగే దిగాడు. బాయిలో అందరూ పిలిచేది ఆ పేరే. లైన్లో కూడా అదే. గడప దాటి లోపలికి వస్తే మాత్రం తల్లి పెట్టిన పేరు, అదీ గొంతు తగ్గించి. పొరపాటున వాకిట్లో అసలు పేరు నోరు జారితే బావ నా మీద గుడ్లురిమేవాడు. మరిది మాత్రం "ఇద్దరు మరుదులున్నరనుకో వదినా, ఇద్దరికి అన్నం పెట్టు" అని ఇంకో ముద్ద వేయించుకునేవాడు.

ఒకనాడు మొదటి షిఫ్టులో పైకప్పు బండ కూలి మరిది పోయాడు. కంపెనీ నుంచి రావాల్సింది ఎవరికి పోయిందన్నది వేరే గొడవ, దాని జోలికి నేను పోను. నాకు యాదికున్నది వేరు. అతనితో పనిచేసినవాళ్ళంతా మా వాకిట్లో నిలబడి, తమ్మీ అని, అన్నా అని, ఆ మారుపేరు పట్టి ఏడ్చారు. మంచి పిల్లలు, గుండెలు బాదుకున్నారు. మా అత్త అప్పుడే ఊరి నుంచి వచ్చి శవం దగ్గర కూలబడి ఉంది. తల ఎత్తి వాళ్ళ వంక చూసి నన్నడిగింది: "ఎవలను ఏడుస్తున్నరు బిడ్డా వీళ్ళు?"

నేనేం చెప్పాలి? ఆమె ముంగట పడుకున్నవాడినే అని చెప్పాను. ఆమెకు ఎక్కలేదు.

ఆ తర్వాత లైన్లలో ఒక మాట పుట్టింది. బాయి మీద మైసమ్మ ఉంటుంది, ఆమెకు దండం పెట్టి గాని ఎవరూ కిందికి దిగరు. ఆ రోజు మా మరిది మొక్కకుండా దిగాడన్నారు. బావ అదే షిఫ్టులో ఉన్నాడు. తమ్ముడు చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి మొక్కడం కళ్ళారా చూశాడు. "మొక్కిండు, నేను చూసిన" అని కనబడ్డవాడికల్లా చెప్పాడు. వాళ్ళు సరే సరే అని తలూపి మళ్ళీ అదే మాట ఇంకొకరితో అనేవారు. అప్పటి నుంచి దేవుడన్న మాట వింటే ఆయనకు ఒళ్ళు మండేది. మనిషి పుట్టుకలో దేవుడి చెయ్యి లేదని చెప్పే పుస్తకం దొరికేసరికి ఆకలిగొన్నవాడిలా దాని మీద పడ్డాడు. అది చదువు మీద ప్రేమ కాదని నాకు తెలుసు. తెలిసి చేసేదేముంది, చదివాను.

కొడుకు పోయాక అత్త మా దగ్గరే ఉండిపోయింది. ఆయాసం పట్టుకుంది. దవాఖానలో కొన్నాళ్ళు ఉంచుకుని, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. గదిలో మంచం వేసి జావ తాగించేదాన్ని. ఎండాకాలం. రేకు తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలేది.

అప్పుడు వచ్చాడు పటం తాత.

మా కులం ఎట్లా పుట్టిందో కథ చెప్పేవాళ్ళు వేరే ఉంటారు. తాతల నాటి నుంచి మాకే చెప్పాలి, మా దగ్గరే అడుక్కోవాలి. ఇంకో కులం వాళ్ళను అడగరు. పొడుగాటి బట్ట మీద వరసగా బొమ్మలు రాసి ఉంటాయి. దాన్ని పైనుంచి ఒక్కొక్క బొమ్మే విప్పుతూ, ఆదిలో శివుడి నుదుటి చెమట చుక్క రాలిన దగ్గర మొదలుపెట్టి, అందులోంచి మా మూలపురుషుడు లేవడం, పనిముట్లు అడగడం, యుగాలు దాటడం, అన్నీ పాడి చెబుతారు. ఆఖరి బొమ్మ అయ్యాక, ఏ ఇంట్లో కథ జరిగితే ఆ ఇంటి పెద్దల పేర్లు వరస పెట్టి చదువుతారు. కొత్తగా పోయినవాళ్ళుంటే వాళ్ళ పేరు ఆ వరస చివర చేరుస్తారు. ఇక అది వాళ్ళ నోట తరతరాలు ఉంటుంది. ఒక చుట్టు అన్ని ఊళ్ళూ తిరిగి మళ్ళీ మన గడపకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. మా ఊళ్ళో సగం మంది బాయి పనులకు వచ్చేశారు కాబట్టి ముసలాయన మమ్మల్ని వెతుక్కుంటూ ఈ లైన్లలో పడ్డాడు. అన్ని ఇళ్ళూ ఒకే తీరు, అన్ని కులాలూ ఒకే వరసలో. పాపం, తలుపు తలుపూ కొట్టి మీరేం కులమని అడిగి తిట్లు తిన్నాడట.

ఆయన గొంతు వినబడగానే మా అత్త మంచం మీద లేచి కూర్చుంది. ఎన్నో రోజులుగా నేను పట్టి లేపితే తప్ప లేవని మనిషి.

"పిల్లా, పటమాయన వచ్చిండా? పీట వెయ్యి. నా చిన్న కొడుకును పేర్లల్ల కలుపుమను."

నాకప్పుడు అర్థమైంది ఆమె ఇన్నాళ్ళూ దేనికోసం ఊపిరి బిగబట్టుకుని ఉందో. కంపెనీలో వాడి పేరు లేదు. వాడితో పనిచేసినవాళ్ళకు వాడి పేరు తెలియదు. చుట్టుపక్కల ఎక్కడా ఆ పేరుతో ఒక మనిషి బతికినట్టు గుర్తు లేదు. ఈ ముసలాయన నోట్లో తప్ప అది నిలిచే చోటు లేదు.

సరిగ్గా అప్పుడే బావ మార్కెట్ నుంచి వచ్చాడు. అరుగు మీద చుట్టి పెట్టిన పటం చూశాడు.

"ఏందయ్యా గిది?"

"కథ చెప్పనీకె వచ్చిన కులపెద్దా. అవ్వ చెప్పుమంటున్నది."

"చెమట చుక్కల నుంచి మనిషి పుట్టిన కథనా? నా ఇంట్ల గా ముచ్చట చెప్పద్దు."

ఇక మొదలైంది. పక్క క్వార్టర్ల వాళ్ళు గోడ మీదికి వంగారు. బావ నేను చదివిందంతా అప్పజెప్పాడు. చెట్టు దిగిన జీవి, రెండు కాళ్ళ నడక, చేతులు ఖాళీ అయితే పనిముట్టు పట్టడం. కొంచెం తప్పుల తడకే అయినా నాకు గర్వమేసింది కూడా, అబద్ధం ఎందుకు. ముసలాయన అంతా విని మర్యాదగా అడిగాడు, "గా కోతి ఎట్ల పుట్టింది అయ్యా?" అంతకుముందు దాని నుంచి అన్నాడు బావ. "గది?" అన్నాడు. అట్లా వెనక్కి, వెనక్కి పోయి నీళ్ళలో పురుగు దాకా పోయారు. "గా నీళ్ళు యాడియి? మేం చెప్పే చెమట గూడ నీళ్ళే గదా" అన్నాడు ముసలాయన. గోడ మీదివాళ్ళు పగలబడి నవ్వారు. ఆయన నవ్వించడానికి అనలేదు, నిజంగానే అడిగాడు.

బావకు కోపం నషాళానికెక్కింది. లోపలికి పోయి గూట్లోంచి ఒక రాయి తెచ్చాడు. బాయిలోంచి తెచ్చుకున్న పలక రాయి, దాని మీద ఆకు అచ్చు. ఈనెలతో సహా ఉంటుంది, ఎవరో అద్దినట్టు. బొగ్గు పైన ఉండే బండలో అలాంటివి దొరుకుతాయి.

"చూడు. మనిషే లేనప్పటి ఆకిది. నీ కథల ఉన్నదా గీ ఆకు?"

ముసలాయన దాన్ని రెండు చేతులతో అందుకుని చాలాసేపు చూశాడు. వేలితో ఈనెలు తడిమాడు.

"యాడ దొరికింది అయ్యా?"

"బాయిల. పైకప్పు బండల."

"మీ తమ్ముని మీద పడ్డది గిసొంటి బండేనా?"

గోడ మీది నవ్వులు ఆగిపోయాయి. బావ రాయి ఆయన చేతిలోంచి తీసుకుని ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. అవునో కాదో ఆయనకూ తెలియదు. ఇంకెవరికీ తెలియదు. లోపలి నుంచి అత్త ఆయాసం వినబడుతోంది.

బావ గొంతు తగ్గించాడు. "సరే. చెమట కథ ఇడిసిపెట్టు. పేర్లు చదువు. మా తమ్ముని పేరు కలుపు. అవ్వ వింటది, నీకు ఇయ్యాల్సింది ఇస్త, పోదువు."

న్యాయంగానే ఉందనిపించింది నాకు. ముసలాయన మాత్రం బిక్కమొహం వేశాడు.

"గట్ల రాదయ్యా."

"ఎందుకు రాదు?"

"మొదటి కాడ పట్టుకుంటె తప్ప ఆఖరికి నోరు పోదు. మా అయ్య నాకు గట్లనే నేర్పిండు."

"ప్రయత్నం జెయ్యి."

చేశాడు. అది చూడలేకపోయాను. కళ్ళు మూసుకుని మా మామ తాత పేరుతో ఎత్తుకున్నాడు. తర్వాత ఇంకొకటి చెప్పి ఆగాడు. మళ్ళీ మొదటికి వచ్చాడు. ఆ రెండో పేరు దగ్గరే వరస తెగింది. చెయ్యి దానంతట అదే పక్కనున్న పటం చుట్ట మీదికి పోయింది, విప్పబోయి, బావను చూసి వెనక్కి తీసుకున్నాడు. మూడోసారి వేరే ఎవరి ఇంటి పేరో వచ్చింది. ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బావ మొండితనమో, ముసలాయన చేతగానితనమో, నాకైతే ఇద్దర్నీ పట్టుకుని ఊపేయాలనిపించింది. ఒక్క పేరు! పలికితే ఒక్క క్షణం పని. అది కాకుండా ఇన్ని యుగాలు అడ్డం.

చివరికి బావే దిగివచ్చాడు. "నేను డ్యూటీకి పోయినంక చెప్పుకోండి. నా ముంగట వద్దు" అని చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఆ వారం ఆయనది రెండో షిఫ్టు. మధ్యాహ్నం దాటాక పోయేవాడు.

బావ అటు పోగానే ముసలాయన ఇటు వచ్చి, అరుగు దూలానికి పటం కట్టి, మొదటి బొమ్మ విప్పాడు. అత్త మంచం తలుపుకు ఎదురుగా జరిపాను. శివుడి నుదురు, కింద ఎర్రటి చుక్క. రంగులు వెలిసినా చుక్క మాత్రం తడిగా ఉన్నట్టే ఉంది. నేను పుస్తకం చదివినదాన్ని, నమ్మలేను. అయినా ఆ చుక్కలోంచి మనిషి లేచి, కళ్ళు నులుముకుని, "నాకు ఏం పని?" అని అడిగే చోట నాకు ఒళ్ళు జలదరించింది. పుస్తకంలో మనిషి లేచి నిలబడ్డాడు గాని ఎవరినీ ఏమీ అడగలేదు.

ఒక్క బొమ్మకు ఒక సాయంత్రం పట్టేది. దీపాలు పెట్టే వేళకు చుట్టేసేవాడు. "జల్ది జల్ది చెప్పు తాతా, ఆమె సంగతి చూస్తున్నవు గద" అంటే, "ఉరికితే యాడనో ఒక కాడ తెగుతది తల్లీ, ఆనాడు చూస్తివి గదా" అనేవాడు. చూశాను కాబట్టి నోరు మూసుకునేదాన్ని.

అత్త రోజూ ఒకటే అడిగేది. "నా కొడుకు ఇంకెంత దూరం ఉన్నడు?"

"వస్తున్నడు అవ్వా. ఇంకా ద్వాపరం దాటాలె."

ఆమె తల ఊపి కళ్ళు మూసుకునేది, బస్సు ఎక్కడిదాకా వచ్చిందో విన్నట్టు. పొద్దున్నే బావ వేపపుల్ల నములుతూ, ఎటో చూస్తూ, "ఎంతదాంక వచ్చిండు ముసలోడు?" అని అడిగేవాడు. ద్వాపరం అని చెబితే, "గంత మెల్లగనా?" అని విసుక్కునేవాడు. కథ వద్దన్నవాడికి మెల్లగైతే ఏం, వేగంగా అయితే ఏం? ఆ మాట నోటిదాకా వచ్చేది. ఆయన మొహం చూసి అనలేకపోయేదాన్ని.

పటంలో ఇంకా రెండు బొమ్మలు ఉండగా అత్త పోయింది. మధ్యాహ్నం, బావ టిఫిన్ డబ్బా సర్దుకుంటుండగా. జావ గిన్నె పట్టుకుని వెళ్ళేసరికి ఊపిరి లేదు. పోతూ ఆమె ఎవరినీ పిలవలేదు.

బావ డబ్బా కింద పెట్టి గోడకు ఆనుకున్నాడు. నేను అత్త కళ్ళు మూశాను. అప్పటికింకా ఎవరికీ చెప్పలేదు. ముసలాయన మామూలుగా తన వేళకు పటం భుజాన వేసుకుని వచ్చి, వాకిట్లో బావ ఉండటం చూసి ఆగాడు. తర్వాత లోపలికి చూశాడు. భుజం మీది పటం దింపలేదు.

"రా తాతా" అన్నాడు బావ. ఆ పిలుపు ఆయన నోట ఎన్నడూ వినలేదు. "రా. కట్టు పటం."

"ఇల్లు మైలయింది కులపెద్దా. మైలల పటం ఇప్పరాదు."

"నాకు మైల లేదు. నేను నమ్మ."

"నువ్వు నమ్మవు అయ్యా. నేను ఇప్పితె మా కులంల ఎవలు గూడ నాకు అన్నం పెట్టరు. గొంతు కూడ రాదు నాకు."

"ఇంకా రెండే బొమ్మలున్నయట గద."

"మధ్యల తెగింది. ఇగ మళ్ళ మొదటి నుంచే."

"మొదటి నుంచే చెప్పు" అన్నాడు బావ. "శివుని చెమట కాడ నుంచే చెప్పు. నేనేమన్న అంటనా? ఒక్క మాట గూడ అన. ఇగో, ఈడ కూసుంట." నిజంగానే అరుగు మీద, ముసలాయన రోజూ నిలబడే చోటికి ఎదురుగా, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. బడి పిల్లవాడిలా చేతులు కట్టుకున్నాడు.

ముసలాయన నా వంక చూశాడు. నేనేం చెయ్యను? దీనికి జవాబు నా పుస్తకంలో లేదు, ఆయన పటంలో లేదు. తల తిప్పుకున్నాను.

"మళ్ళ చుట్టు తిరిగి వచ్చినప్పుడు చెప్త అయ్యా. బతికుంటె" అన్నాడు ఆయన.

"అప్పటిదాంక వాని పేరు యాదికుంటదా నీకు?"

ముసలాయన అబద్ధం చెప్పగలిగేవాడే. చెప్పలేదు. "పటం ముంగట ఒక్కసారి పలికితెనే నాకు నిలుస్తది" అని, వంగి గడపకు దండం పెట్టి, లైన్ల వెంట నడవడం మొదలుపెట్టాడు.

బావ లేచి ఆయన వెంట పోయాడు. చెప్పులు కూడా లేవు, కాలే నేల. రెండో షిఫ్టుకు పోయేవాళ్ళు గుంపులు గుంపులుగా ఎదురొస్తున్నారు. వాళ్ళందరి మధ్యలో, మా ఇంటి గడప ఎన్నడూ దాటని ఆ పేరును గట్టిగా పలుకుతూ నడిచాడు. ముసలాయన తలూపుతున్నాడు. చిన్నపిల్లకు అక్షరం నేర్పినట్టు, బావ మళ్ళీ చెప్పాడు. మళ్ళీ చెప్పాడు. లైన్ మలుపు తిరిగాక కూడా నాకు వినబడుతూనే ఉంది.